స్త్రీల యింటిపేరు : కొన్ని చారిత్రక విషయములు

తెలుగు కవయిత్రుల పేర్లను ఒక వరుసలో వ్రాసికొని చూచినపుడు చిత్రమైన విషయ మొకటి కంటబడును. ఆతుకూరి మొల్ల తండ్రి యింటిపేరుతో నిలిచినది. ఆమె తన్ను కేసనసెట్టి కూతురుగా చెప్పుకొన్నదే గాని మరియొకరి కోడలుగా చెప్పుకొనలేదు. తాళ్ళపాక తిమ్మక్కను మనము అన్నమాచార్యుల భార్యగా, తాళ్ళపాకవారి కోడలుగా మాత్రమే యెరుగుదుము. పసుపులేటి రంగాజమ్మకు తండ్రి వేంకటాద్రి యింటిపేరే విజయరాఘవ నాయకుని కొలువులో సైతము చెల్లినది. ముద్దుపళనికి ఇంటిపేరుతో పనియే లేకపోయినది. ఇక తరిగొండ వెంగమాంబ కానాలవారి ఆడపడుచు, ఇంజేటివారి కోడలు. అయినను ఆ రెండు పేర్లును ఆమెకు అంటలేదు. పుట్టిన యూరి పేరు, ఆ యూరి నృసింహస్వామి పేరుతో కలిసి, ఆమె పేరునకు ముందు నిలిచిపోయినది.

అయిదుగురు కవయిత్రులకు నాలుగు తీరుల పేర్లు. వీరిలో ఎవరిని గూర్చియు ఏ కచేరియందును “నీ పేరు మారినదా? మారినచో రుజువేది?” అని ఎవ్వరును అడుగలేదు. ఆ ప్రశ్న పుట్టుటకు చాలకాలము పట్టినది. అది ఎట్లు పుట్టినదో, ఎవరిని ఇబ్బంది పెట్టినదో చెప్పుట ఈ వ్యాసము యొక్క పని.

మన యింటిపేరు స్వభావమును మొదట కొంచెము గమనింపవలెను. అది పేరునకు ముందు వచ్చును. చాలచోట్ల ఊరి పేరునుండి పుట్టినది. పూర్వీకు డెవడో ఒక యూరు విడిచి వేరొక యూరు చేరగా, చేరిన యూరివారు వానిని విడిచిన యూరి పేరుతో పిలిచిరి. అది పిల్లలకు వచ్చినది. ఈ విధముగా చూచినచో ఇంటిపేరనునది ఒక వలస గుర్తు. స్త్రీ జీవితములో వలస తప్పనిది గనుక, పుట్టినింటినుండి మెట్టినింటికి పోయిన స్త్రీకి పుట్టినింటి పేరు గుర్తుగా మిగిలియుండవలసినది. కాని జరిగినది దానికి వ్యతిరేకము. మగవాడు ఊరు విడిచినచో పాత యూరి పేరు వానితో వచ్చును; ఆడుది ఇల్లు విడిచినచో పాత యింటి పేరు అక్కడనే నిలిచిపోవును.

దీనికి శాస్త్రకారులు గోత్రమును కారణముగా చెప్పుదురు. వివాహముతో స్త్రీ తండ్రి గోత్రమును విడిచి భర్త గోత్రమున చేరునని స్మృతులు చెప్పినవి. అది ఏ క్షణమున జరుగును, సప్తపది తోడనా, తరువాతనా అను విషయమున వ్యాఖ్యాతలకు వాదములు కలవు. గోత్రము వేరు, ఇంటిపేరు వేరు. ఒకే గోత్రమువారికి నూరు ఇంటిపేర్లుండవచ్చును. ఒకే యింటిపేరు వేర్వేరు కులములలో వేర్వేరు గోత్రములతో కనబడును. అయినను గోత్రము నడచిన త్రోవనే ఇంటిపేరును నడచినది. కేరళమున తల్లి వంశమునుబట్టి నడచు తరవాడులలో ఇంటిపేరు తల్లినుండి కూతురికి వచ్చెడిది; పెండ్లితో దానికి సంబంధమే లేదు. తెలుగునాట మేనరికపు పెండ్లిలో ఇంకొక వింత కలదు. మేనమామను గాని మేనమామ కొడుకును గాని పెండ్లియాడిన పిల్ల, తన తల్లి పెండ్లినాడు విడిచివచ్చిన యింటిపేరునే మరల పొందును. తల్లి పోగొట్టుకొన్నది కూతురికి దక్కును. మన పెద్దలు దీనిని ఎన్నడైనను ఈ దృష్టితో చూచిరో లేదో గాని, నాకు మాత్రము ఇది తలచినపుడెల్ల ముచ్చటగా తోచును.

శాసనములలో స్త్రీని పేర్కొను పద్ధతి కాగితములలోని పద్ధతికంటె ఉదారమైనది. 1276 నాటి బూదపూరు శాసనమువలన మనకు తెలిసిన కుప్పాంబిక గోన బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండనాథుని భార్య. తెలుగున తొలి కవయిత్రి ఆమెయే యని కొందరు పండితులు భావించిరి. ఆమె పేరు వచ్చినచోట గోనవారును వత్తురు, మల్యాలవారును వత్తురు. గణపతిదేవ చక్రవర్తి కూతురు గణపాంబ ధరణికోటను ఏలిన కోటవంశమునకు కోడలయ్యెను; ఆమె యెనమదల శాసనము కాకతీయులను, కోటవారిని ఉభయులను కీర్తించినది. దానము చేయు స్త్రీకి రెండు వంశములును అలంకారములే. ఒకటి వచ్చినదని రెండవదానిని కొట్టివేయవలసిన పని శాసనము చెక్కువానికి లేదు. రాతిపై చోటున్నది.

ఈ మాటతో పూర్వకాలమంతయు బంగారు కాలమని చెప్పుట నా యుద్దేశము కాదు. శాసనములు రాచయింటి స్త్రీలవి, సామంతుల యిండ్లవి, కలిమిగలవారివి. నాట్లు వేసిన ఆడుదాని పేరును ఏ రాతిమీదను చూడము. ఆమెకు ఊరివారు పెట్టిన పేరొకటి, అత్తవారు పిలిచిన పేరొకటి, పిల్లలు పుట్టిన తరువాత “ఫలానావాని తల్లి” యను పేరొకటి. వీనితోనే ఆమె జీవితము గడచిపోయినది.

ఆంగ్లేయుల పాలనతో కాగితము వచ్చినది; కాగితముతో గడి వచ్చినది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమున ఒక నిర్వచనము కలదు. దస్తావేజు వ్రాయువాని గుర్తుగా పేరుతోపాటు నివాసము, వృత్తి, హోదా చెప్పవలెను. భారతీయుడైనచో తండ్రి పేరు చెప్పవలెను. వాడుకలో తల్లి పేరుతో పిలువబడువాడైనచో తల్లి పేరు చెప్పవలెను. ఈ చివరి మాట మలబారు తరవాడులను, దేవదాసీల సంతతిని మరువకుండ వ్రాసినట్లున్నది. చట్టము వ్రాసినవారికి దేశములోని ఆచారముల వైవిధ్యము తెలియునని దీనివలన ఊహింపవచ్చును. కాని ఆ నిర్వచనములో భర్త పేరు అను మాట లేదు. అయినను మన దస్తావేజు లేఖరులు స్త్రీ వచ్చి కూర్చున్నంతనే “ఫలానావారి భార్య” అని వ్రాయుచు వచ్చిరి. చట్టము అడుగనిదానిని కలము వ్రాసినది. ఈ విషయమున వాడుక చట్టముకంటె బలమైనదను సంగతి ముందు ముందు పదేపదే కనబడును.

ఆంగ్లేయులే మనకు ఈ ఆచారమును నేర్పిరని ఒక వాదము వినబడుచుండును. అది సరికాదని నా యభిప్రాయము. వారి దేశమున పెండ్లియాడిన స్త్రీకి న్యాయదృష్టిలో వేరు వ్యక్తిత్వమే లేదని 1765 లో బ్లాక్‌స్టను వ్రాసెను. భార్య ఉనికి భర్త ఉనికిలో లీనమగునని ఆ సిద్ధాంతము. ఆస్తియు దానితోనే పోయెడిది. అక్కడ ఆస్తి హక్కు 1870, 1882 సంవత్సరముల చట్టములతో గాని స్త్రీకి రాలేదు. మన దేశమున 1874 లో చేసిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టము హిందూ, మహమ్మదీయ స్త్రీల ఆస్తి హక్కులను తాకనేలేదు; హిందూ స్త్రీకి స్త్రీధనమను సొంత ఆస్తి ధర్మశాస్త్రములలో పూర్వమునుండియు కలదు. అందుచేత మన కోడలు ఇంటిపేరు మార్చుకొన్నను తన నగలను, తన పసుపుకుంకుమల భూమిని మార్చుకొనలేదు. ఇంగ్లండులో పేరు పోవుట ఆస్తి పోవుటకు గుర్తు. మనకు ఇల్లు మారుటకు గుర్తు. ఆంగ్లేయుల కచేరి మనకు ఇచ్చినది ఆచారము కాదు. దానిని ఒక్క పేరుగా, ఒక్క గడిలో, మార్పు లేకుండ వ్రాయవలెనను పట్టుదల.

ఆ పట్టుదల ఎంతమాత్రమును లేనిచోట ఏమి జరుగునో 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలో దేశము చూచినది. బీహారు, ఉత్తరప్రదేశము, మధ్యభారతము, రాజస్థానము మొదలైన ప్రాంతములలో లక్షలాది స్త్రీలు ఓటర్ల పట్టికలు వ్రాయువారికి తమ పేరు చెప్పుటకు అంగీకరింపలేదు. ఫలానావాని భార్య, ఫలానావాని కూతురు అని వ్రాయించుకొనిరి. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఇట్టి నమోదులు చెల్లవని నిర్ణయించెను. సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు – పేర్లని ఎట్లనుదును? – పట్టికలనుండి తొలగిపోయినవి. ఆ నిర్ణయము ఆనాడు కఠినమని తోచినను, స్త్రీకి తన పేరు తనకు కావలెనని ప్రభుత్వము చెప్పిన సందర్భములలో అది పెద్దది. మన పల్లెలలో భార్య భర్త పేరును నోట పలుకరాదను నియమ ముండెడిది. జనాభా లెక్కలవాడు అడిగినపుడు ప్రక్కనున్న పిల్లవానిచేత చెప్పించెడివారు. ఉత్తరాది స్త్రీ తన పేరే చెప్పలేదు. రెండు నియమములకును మూలము ఒక్కటే.

ఇంతవరకు చెప్పినదానిలో, పెండ్లి తరువాత కాగితములలో పేరు మార్చుకొనుట యను సమస్య ఇంకను రాలేదని పాఠకులు గమనించియుందురు. నిజమునకు 1930 కి ముందు తెలుగునాట అది పెద్ద సమస్య కాదు. దానికి కారణము విచారకరమైనది. ఎనిమిదేండ్లకో పదేండ్లకో పెండ్లియైన పిల్లకు మార్చవలసిన కాగితమేది? బడిలో చేరినదో, అత్తవారి యింటిపేరుతోనే చేరినది. చేరలేదో, ఏ రిజిస్టరులోను ఎక్కనేలేదు. 1929 లో వచ్చి మరునాటి యేడు ఏప్రిలునుండి అమలైన శారదా చట్టము ఆడుపిల్ల కనీస వివాహ వయస్సును 14 యేండ్లు చేసెను. 1949 లో అది 15 అయ్యెను. 1978 లో 18 అయ్యెను. ఈ అంకెలు పెరిగినకొలది ఆడుపిల్ల బడిలో ఉన్న యేండ్లు పెరిగినవి. స్కూలు ఫైనలు సర్టిఫికెట్టు పెండ్లికి ముందే చేతికి వచ్చినది; తరువాత డిగ్రీ వచ్చినది, ఉద్యోగపు ఉత్తరువు వచ్చినది. పుట్టినింటి పేరు మొదటిసారిగా ముద్ర పడిన కాగితముమీద, దొరతనము సంతకముతో, చెరగని సిరాతో నిలిచినది. అటుపిమ్మట పెండ్లి. రెండు పేర్లు ఎదురెదురుగా నిలిచినది అప్పుడే. ఈ చిక్కు పాత ఆచారమునుండి పుట్టినదని అందురు గాని, నిజముగా స్త్రీవిద్యనుండి పుట్టినది. చదువు లేనిచో ఈ చిక్కు లేదు.

ఆ సంధికాలమున పేరు మార్పు ఎన్ని విధముల జరిగినదో చూచుటకు మువ్వురు ప్రసిద్ధ స్త్రీలను తలచికొందము. హైదరాబాదులో పుట్టిన సరోజిని చట్టోపాధ్యాయ 1898 డిసెంబరులో మద్రాసున గోవిందరాజులు నాయుడును వివాహమాడెను. 1872 నాటి మూడవ చట్టము ననుసరించి జరిగిన ఆ వర్ణాంతర వివాహమును నడపినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. అటుపై ఆమె సరోజినీ నాయుడు. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది: ఆమె పేరునకు తోడైనది భర్త ఇంటిపేరు కాదు, పేరు చివరనుండు “నాయుడు” అను బిరుదము. తెలుగు సంప్రదాయమున కోడలికి రావలసినది రాలేదు. ఇంగ్లీషు పద్ధతిలో చివరిమాట ఏదియైన అదియే వచ్చినది. ఆ “చట్టోపాధ్యాయ” పేరు మాత్రము వ్యర్థము కాలేదు. ఆమె తమ్ముడు హరీంద్రనాథుని వివాహమాడిన మంగళూరు వనిత కమలాదేవి దానిని స్వీకరించెను. వారి వివాహము రద్దయిన తరువాత సైతము కడదాక ఆ పేరుతోనే దేశసేవ చేసెను. ఒక పేరును కూతురు విడువగా కోడలు తెచ్చుకొని, కోడలి హోదా తొలగిన తరువాతను నిలుపుకొన్నది. పేరు ఎవరు సంపాదించిన వారిదే యని కమలాదేవి వాదింపలేదు, ఆచరించి చూపెను.

మూడవవారు దుర్గాబాయి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగి, 1937 లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, న్యాయవాదియై రాజ్యాంగసభలో కూర్చుండిన ఆమె పేరు ఆ సభా చర్చల పుటలలో “శ్రీమతి జి. దుర్గాబాయి” అని అచ్చయినది. 1953 లో చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడిన పిదప ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. ముందున్న తెలుగు అక్షరము పోయి వెనుక మరాఠీ పదము వచ్చినది. నేటి విద్యార్థి రాజ్యాంగసభ చర్చల సూచికలో “డి” అక్షరము క్రింద దేశ్‌ముఖ్ కొరకు వెదకి, ఆమె ఏమియు మాటలాడలేదు కాబోలునని పుస్తకము మూసినచో వానిని తప్పుపట్టలేము. ఆమె ఆ సభలో ఎన్నిసార్లు లేచి మాటలాడెనో “జి. దుర్గాబాయి” యను పేరు తెలిసినవానికే తెలియును.

చట్టము ఏమన్నది? ఏమియు అనలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టములో గాని, 1955 నాటి హిందూ వివాహ చట్టములో గాని భార్య భర్త యింటిపేరు ధరింపవలెనను మాట లేదు. ధరింపరాదను మాటయు లేదు. కావలసినవారు మార్చుకొనవచ్చును, అక్కరలేనివారు మానవచ్చును. మార్చుకొనువారికి మాత్రము త్రోవ పొడుగు: వివాహ ధ్రువపత్రము, అది లేనిచో అఫిడవిట్టు, కొన్నిచోట్ల వార్తాపత్రికలలో ప్రకటన, మరికొన్ని పనులకు గెజెటులో ప్రకటన. మార్చుకొననివారికి త్రోవ తక్కువయని తోచును గాని, చిరకాలము వారికిని ప్రశ్నలు తప్పలేదు. పాస్‌పోర్టు కొరకు వివాహిత వివాహ ధ్రువపత్రమునో, దానికి బదులు దంపతు లిరువురి అఫిడవిట్టునో చూపవలెనను నిబంధనను విదేశాంగ మంత్రిత్వశాఖ 2016 డిసెంబరులో తొలగించెను.

పాస్‌పోర్టులో ఇంటిపేరున కొక గడి, పేరున కొక గడి కలవు. ఇంటిపేరును ఒక్క యక్షరముగా కుదించి ముందుంచు తెలుగువారికి ఈ గడులు తెచ్చిన తిప్పలు మగవారికిని కలవు. అమెరికా చేరిన పిదప కొందరి సొంత పేరే ఇంటిపేరై, ఇంటిపేరు సొంత పేరై కూర్చున్నది. స్త్రీకి ఆ చిక్కు రెండింతలు. ఆదాయపు పన్నువారి ప్యాన్ కార్డుమీద వివాహితకు సైతము తండ్రి పేరే ముద్రితమగుచు వచ్చెను. 2010 నుండి పంచిపెట్టిన ఆధార్ కార్డులలో చిరునామాకు ముందు “ఫలానావారి భార్య” అని పడెను. ఒక చేతిసంచిలో రెండు కార్డులు; ఒకదానిలో ఆమె కూతురు, రెండవదానిలో భార్య.

ఇతర దేశముల చరిత్రలో రెండు మూడు ఘట్టములు మన విషయమునకు వెలుగునిచ్చును. ఫ్రాన్సులో విప్లవకాలమున, 1794 ఆగస్టు 23 నాటి శాసనము, ఏ పౌరుడును జనన పత్రమున ఉన్న పేరు తప్ప మరియొక పేరు ధరింపరాదని విధించినది. కావున న్యాయదృష్టిలో ఫ్రెంచి స్త్రీ పేరు పెండ్లివలన మారదు. భర్త పేరు వాడుకొనుట వాడుక మాత్రమే. అయినను తరతరములుగా అక్కడి కచేరీలు ఆమెను భర్త పేరుతోనే వ్యవహరించుచు వచ్చినవి. మన దస్తావేజు లేఖరులు గుర్తునకు వచ్చుచున్నారు.

అమెరికాలో లూసీ స్టోను 1855 లో హెన్రీ బ్లాక్‌వెల్‌ను వివాహమాడి తండ్రి యింటిపేరునే నిలుపుకొనెను. ఆమెను అడ్డు చట్టమేదియు లేదు. 1879 లో మాసచూసెట్స్ రాష్ట్రమున పాఠశాలా సంఘముల ఎన్నికలకు మాత్రము స్త్రీలకు ఓటు వచ్చినది. దానికొరకు జీవితమంతయు పోరాడిన లూసీ స్టోను నమోదునకు పోగా, భర్త పేరుతో వ్రాసికొన్ననే గాని చెల్లదని అధికారులు చెప్పిరి. ఆమె ఒప్పుకొనలేదు. ఓటును వదలుకొని పేరును నిలుపుకొన్నది.

జపాను చరిత్ర మరింత విచిత్రము. అక్కడ సామాన్య జనులకు ఇంటిపేరు తప్పనిసరియైనది 1875 లోనే. మరుసటి యేడు ప్రభుత్వము, భార్య పుట్టినింటి పేరునే వాడవలెనని ఆదేశించెను. కోడలు ఎంతకాలమున్నను ఆ వంశపు రక్తము కాదను తలంపు దానికి వెనుక కలదు. 1898 నాటి పౌరస్మృతి దీనిని తలక్రిందులు చేసి భర్త కుటుంబము పేరును విధించినది. యుద్ధానంతరము 1947 లో స్మృతిని సవరించి, దంపతులు ఏదో ఒకరి ఇంటిపేరును ఉభయులకును ఎన్నుకొనవలెననిరి. మాటలో సమానత్వము కలదు; నడతలో నూటికి సుమారు 95 జంటలు భర్త పేరునే ఎన్నుకొనుచు వచ్చినవి. 2015 డిసెంబరులో జపాను అత్యున్నత న్యాయస్థానము ఈ నియమము రాజ్యాంగ విరుద్ధము కాదని తీర్పు చెప్పెను. 15 మంది న్యాయమూర్తులలో అయిదుగురు విభేదించిరి. ఆ పీఠముపై నున్న ముగ్గురు స్త్రీలును ఆ అయిదుగురిలోని వారే. 2021 లో న్యాయస్థానము మరల అదే మాట చెప్పెను. ఎన్నో తరములనాటి ఆచారమని జనులు నమ్మునది ఒక్క శతాబ్దములో ఎట్లు రెండుసార్లు తిరుగబడగలదో జపాను చూపినది. ఆచారమునకు ప్రాచీనత ఎంతయో లెక్క వేయకుండ గౌరవించు అలవాటు మనకును కలదు.

మరల మన సాహిత్యమునకు వత్తము. పుస్తకపు అట్టయు ఒక విధమైన రికార్డే. గెజెటుకంటె ఎక్కువమంది చదువుదురు. “ధనత్రయోదశి” మొదలైన కథలను, “అబలా సచ్చరిత్ర రత్నమాల”ను రచించిన భండారు అచ్చమాంబ, విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి అక్క. తమ్ముడు నాగపురమున ఆమె యింట నుండి చదువుకొనెను. అతని తోడ్పాటుతో ఆమెయు చదువు పెంచుకొనెను. ఒకే యింటి దీపములు. కాని గ్రంథాలయపు పట్టికలో ఒకరు “భ”లో, ఒకరు “క”లో ఉందురు. ఇంటిపేరు పురుషునికి బంధుత్వమును చాటు గుర్తు. స్త్రీకి బంధుత్వమును మాపు తెర. కనుపర్తి వరలక్ష్మమ్మ బాపట్లలో పుట్టినది పాలపర్తివారి యింట. మన కవయిత్రులను ఒక్కచోట చేర్చి “ఆంధ్ర కవయిత్రులు” రచించిన లక్ష్మీకాంతమ్మగారు ఊటుకూరివారి కోడలు. ఆ పేరుతోనే సాహిత్యమున నిలిచిరి.

దీనికి భిన్నముగా నడచినవారును కలరు. నాయని సుబ్బారావుగారి కూతురు కృష్ణకుమారి వివాహమైన తరువాతను నాయని కృష్ణకుమారిగానే రచనలు చేసి, ఆచార్యపదవి నలంకరించి, తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షురాలైరి. రంగనాయకమ్మ తొలి నవలల అట్టలమీద ముప్పాళ యను ఇంటిపేరు కలదు. తరువాతి పుస్తకములపై లేదు. పోపూరి లలితకుమారి “ఓల్గా” యను కలముపేరుతో వ్రాసి, 2015 లో “విముక్త”కు అకాడమీ పురస్కారమును ఆ పేరుతోనే అందుకొనిరి. పురుష రచయితకు కలముపేరు ఒక ముచ్చట. స్త్రీకి అది ఒక్కొక్కప్పుడు ఆశ్రయము. తండ్రిది గాని భర్తది గాని కాని పేరు దొరకు చోటు అదొక్కటే గదా.

పేరు మారిన రచయిత్రి పెండ్లికి ముందు వ్రాసినది ఏమగును? పత్రికల పాత సంపుటములు తిరుగవేయువారికి ఈ ప్రశ్న తెలియును. నేను ఒక గ్రంథాలయములో ఒకే రచయిత్రికి రెండు కార్డు లుండుట చూచితిని. మొదటి కార్డులో కన్యగా వ్రాసిన రెండు పుస్తకములు. రెండవదానిలో తరువాతివి అయిదు. నడుమ “చూడుడు” అను సూచన లేదు. మొదటి కార్డు రచయిత్రి చిన్నతనముననే మరణించినదని ఒక పరిశోధక విద్యార్థి నాతో వాదించెను. మరణింపలేదు నాయనా, పెండ్లియైనదని చెప్పితిని. అతడు నవ్వెను గాని తన సిద్ధాంత గ్రంథములో ఒక పుట కొట్టివేయవలసి వచ్చినది.

ఆస్తి విషయమున ఈ చిక్కు నవ్వులాట కాదు. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన హిందూ వారసత్వ సవరణ కూతుళ్ళకు పిత్రార్జితమున కొడుకులతో సమాన భాగమిచ్చెను. అంతకు ముందే పెండ్లియైనవారిని మాత్రము విడిచిపెట్టెను. 2005 నాటి కేంద్ర సవరణ ఆ తారతమ్యము లేకుండ హక్కును దేశమంతటను విస్తరించినది. హక్కు పుట్టుకతో వచ్చునన్నారు. పేరు మాత్రము పెండ్లితో వెళ్ళిపోయినది. ఆ కుటుంబపు పేరు లేని స్త్రీ తాను ఆ కుటుంబపు కూతురినని కాగితముతో రుజువు చేయవలెను. అన్నదమ్ములకు ఆ పని లేదు. వారి ఇంటిపేరే రుజువు. భాగమీయ మనస్సులేని అన్నకు ఈ ఒక్క లోపము చాలును.

మా అమ్మకు తన తల్లి స్త్రీధనముగా తెచ్చుకొన్న అర ఎకరము చెక్క వచ్చినది. అమ్మమ్మ వ్రాయించిన పాత కాగితములో అమ్మ పేరు ముందు పుట్టినింటి అక్షరము. తెల్లకార్డులోను ఓటర్ల జాబితాలోను మా యింటి అక్షరము. కచేరి గుమాస్తా రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, వీ రిద్దరును ఒక్కరే యని ప్రమాణపత్రము కావలెనన్నాడు. బల్లవ్రాతగాడు వ్రాసిపెట్టెను: ఫలానా యింటిపేరుగల ఆమెయు, ఫలానా యింటిపేరుగల ఆమెయు వేర్వేరు వ్యక్తులు గాక ఒక్క వ్యక్తియే యని దైవసాక్షిగా చెప్పుచున్నాను. అమ్మకు చదువు నాలుగవ తరగతి వరకే గాని తన పేరు గుండ్రముగా వ్రాయును. కలము చేతపుచ్చుకొని, “ఏ పేరు పెట్టమంటావు, నాయనా?” అని నన్నడిగినది.

“నీ యిష్టమమ్మా” అంటిని.

ఆమె కొంచెము సేపు ఆలోచించి, ఏ యింటి అక్షరమును లేకుండ తన పేరొక్కటే వ్రాసినది. గుమాస్తా చూచి, ఇంటిపేరు లేదు, చెల్లదన్నాడు. కాగితము వెనుకకు వచ్చినది. అమ్మ దానిని మోకాలిపై పరచుకొని, పేరునకు ముందు మిగిలిన కొద్ది చోటులో అక్షరములు రెండును ఇరికించినది. ముందు పుట్టినింటిది, తరువాత మాది. ఈసారి చెల్లినది.